మూడో పొయ్యిరాయి

నీళ్ళలో మునిగిన మనిషి తాడు చేతిలో ఉన్నప్పుడు నోరు మూసుకోవాలి. కాలవల శాఖలో ముప్పై ఏళ్ళు ఓవర్సీరుగా చేసి, లాకులూ తూములూ వంతెనలూ కట్టించి, చివరికి నేను నేర్చుకున్నది ఈ ఒక్క ముక్క. మిగతావన్నీ మీకు పుస్తకాల్లో దొరుకుతాయి. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్ళు మా అరుగు మీదకొచ్చి "మీ అనుభవాలు చెప్పండి బాబాయిగారూ" అంటే గోదారి వరదల కథలు చెప్పి పంపించేస్తుంటాను. ఈ కథ మాత్రం ఎవరికీ చెప్పలేదు, చెప్తే పరువు పోతుందని. ఇప్పుడు పళ్ళూడిపోయాయి, పింఛను వస్తోంది, ఇక పరువు పోయినా వచ్చే నష్టం లేదు.

నాకు నోరెక్కువ. అది ముందే ఒప్పుకుంటున్నాను. నిద్రలో కూడా కూలీలకి పని పురమాయిస్తుంటానని మా ఆవిడ అంటూ ఉంటుంది. దొరలతో మాట్లాడే అవకాశం దొరికితే మరీనూ. మా శాఖలో ఇంగ్లీషు తడుముకోకుండా మాట్లాడేవాళ్ళలో నేనొకణ్ణని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. రామచంద్రపురానికి కాస్త ఎగువన కాలవ మీద కొత్త లాకు కట్టమని హుకుం వచ్చింది. మన నేల సంగతి మీకు తెలుసు కదా, గుణపం వేస్తే దిగిపోతూనే ఉంటుంది. అలాంటి నేల మీద గోడ నిలబడాలంటే ముందు నూతులు దించాలి. కర్ర చట్రం మీద ఇటుకలతో గుండ్రంగా నుయ్యి కట్టి, లోపల మట్టి తోడేస్తూ పోతే ఆ బరువుకి నుయ్యి తనంతట తనే కిందికి దిగుతుంది. కొంత దూరం పోయాక లోపలంతా నీళ్ళే. ఇక అక్కణ్ణించి మనిషి ఊపిరి బిగబట్టి మునిగి, అడుగున చీకట్లో తడుముకుంటూ గంపలోకి మట్టి ఎత్తాలి.

ఆ పనికి నరసాపురం అవతల సముద్రపు ఒడ్డు నుంచి ఒక జాలరి కుటుంబం వచ్చింది. మొగుడు, పెళ్ళాం, ఆమె తమ్ముడు, ముగ్గురే. మొగుడు మునిగేవాడు. తాడు బావమరిది పట్టుకునేవాడు. అది వాళ్ళ ఇళ్ళలో ఆచారం. మునిగేవాడి తాడు అన్నదమ్ముల చేతికి ఇవ్వరు, స్నేహితుడికి ఇవ్వరు, భార్య తోడబుట్టినవాడికే ఇస్తారు. ఎందుకని అడిగితే ఆ బావమరిది నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు.

"అప్ప తాళిబొట్టు కదండి బాబు నా చేతిలో ఉన్నది. వదుల్తానా ఏంటండి?"

తాడు ఒకసారి గుంజితే గంప లాగమని, రెండుసార్లు గుంజితే తాడు వదులు చెయ్యమని, మూడుసార్లు గుంజితే నన్ను లాగమని. ఇవే వాళ్ళ గుర్తులు. ఆమె గట్టున కూర్చుని, మొగుడు మునిగిన క్షణంలోనే తనూ ఊపిరి బిగబట్టేది. ఆమె ఊపిరి వదిలేసరికి అతని తల పైకి తేలాలి. ఆ మనిషి ఒక్కో మునక్కీ అలా బిగబట్టేది, రోజుకి ఎన్ని మునకలైనా సరే. నా గడియారం కన్నా ఆమె ఊపిరే నయమని మేస్త్రీ అనేవాడు.

నాకొక పిచ్చి ఉండేది. నుయ్యి గజం దిగినప్పుడల్లా ఆ లోతులో వచ్చిన మట్టి గుప్పెడు తీసి తాటాకు చాప మీద కుప్పగా పోయించేవాణ్ణి. వరసగా కుప్పలు చూసుకుంటే కింద ఏముందో తెలిసిపోతుంది. మొదట నల్లరేగడి వచ్చింది. తర్వాత గోదారి ఒండ్రు. తర్వాత సన్న ఇసక. పద్దెనిమిది అడుగుల దగ్గర గంప నిండా గవ్వలూ ఆల్చిప్పలూ వచ్చాయి.

ఆమె ఒక గవ్వ చేతిలోకి తీసుకుని వాసన చూసింది. "ఇది మా ఊరి గవ్వేనండి బాబు. మా గుమ్మం ముందు ఏరుకునేదే. ఇక్కడికెలా వచ్చిందండి?"

మేమున్నది వరిచేల నడుమ. సముద్రం చూడాలంటే పడవెక్కి ఒక రోజు ప్రయాణం చెయ్యాలి. నా కాళ్ళ కింద సముద్రమేమిటి? ఆ రాత్రి అన్నం సయించలేదంటే నమ్మండి.

గవ్వల కింద నల్లటి బురద వచ్చింది. అందులో కుళ్ళిన ఆకులు, మడచెట్టు మొదళ్ళు. అంటే ఒకప్పుడు అక్కడ ఉప్పునీటి అడవి ఉండేది. ఇంకా కిందికి పోతే ఇరవై ఎనిమిది అడుగుల దగ్గర ఎర్రటి గట్టినేల తగిలింది. ఆ నేల మీంచి వచ్చిన గంప నేనే అందుకున్నాను. బూడిద, బొగ్గులు, మాడిన చేపముళ్ళు. ఒక రాతి పెచ్చు తీయబోతే నా చూపుడు వేలు కోసుకుని రక్తం బొటబొటా కారింది. దాని అంచు మంగలికత్తిలా ఉంది. దాని కింద తలకాయంత రాళ్ళు రెండు ఉన్నాయి. రెంటికీ ఒక్క పక్కే మసి.

మసి ఒక పక్కే ఎప్పుడు పడుతుందో మా వంటింట్లో రోజూ చూస్తున్నవాణ్ణి నేను. అవి పొయ్యిరాళ్ళు. గోదారి ఒండ్రు కింద, సముద్రం గవ్వల కింద, మడ అడవి కింద ఎవరో చేపలు కాల్చుకున్నారు!

ఇక్కడ నేను మొదటి తప్పు చేశాను. ఆ రాళ్ళు ఎవరికీ చూపించకుండా పైపంచెలో చుట్టేసి నా డేరాలోకి తీసుకుపోయాను. అడుగున పొయ్యి ఉందంటే ఎవరి ఇల్లో ఏమోనని ఆ జాలరి మళ్ళీ మునగనంటాడేమో, పని ఆగిపోతుందేమోనని నా భయం. మునిగినవాడికి ఆ బురదనీళ్ళలో ఏమీ కనపడదు, చేతికేది తగిలితే అది గంపలో వేస్తాడు. గట్టున ఉన్నవాళ్ళకి నేను కనపడనివ్వలేదు. ఆ ముగ్గురినీ ఒక్క మాట అడగలేదు. ఆ ఒక్క మాటే ఈ కథంతా.

గట్టినేల తగిలింది కనక ఆ నుయ్యి అక్కడే ఆపి పక్క నూతుల పని పెట్టి, పొయ్యిరాళ్ళ సంగతి ఇంజనీరు దొరకి చీటీ రాసి పంపాను. పదో రోజుకి ఆయన పడవలో వస్తూ ఇంకో దొరని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన దేశమంతా తిరిగి రాళ్ళేరుకునే దొర. కూలీలు అప్పటికప్పుడే ఆయనకి రాళ్ళదొర అని పేరు పెట్టేశారు.

దొరలు వస్తున్నారని తెలిసిన పొద్దున నేను చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. "ఒక్క పుల్ల కనపడితే ఊరుకోను" అని ఆడకూలీల మీద చిందులేసి, పడవ రేవుకి ఎదురెళ్ళాను. దొరలని తీసుకుని తిరిగొచ్చేసరికి నూతి చుట్టూ శుభ్రంగా ఊడ్చి, కళ్ళాపి జల్లి, రెండు మూరల ముగ్గేసి ఉంది. నా తాటాకు చాపలు చుట్టి మూలన పెట్టారు. నా కుప్పలేవి?

"దారిలో గోతులుంటే అందులో పోసి తొక్కేశామండి. దొరగారి కాళ్ళకి బురదంటకూడదని" అంది ఒక ముసలామె ఎంతో సంతోషంగా.

నా తల కొట్టేసినట్టయింది. గవ్వలూ బూడిదా నా వేలు కోసిన రాతి పెచ్చూ అన్నీ ఆ దారిలో కలిసిపోయాయి. పైగా ఆ దారి మీదే దొరలిద్దర్నీ నడిపించుకొచ్చాను. ఆడవాళ్ళని తిడదామని నోరు తెరిచి మూసుకున్నాను. ఒక్క పుల్ల కనపడకూడదన్నది నేనే కదా. మిగిలింది డేరాలో దాచిన రెండు రాళ్ళే.

రాళ్ళదొర వాటిని ఎండలో పెట్టి తిప్పి తిప్పి చూశాడు. తర్వాత చేతికర్రతో కూలీలు గంజి కాచుకుంటున్న పొయ్యి వైపు చూపించాడు.

"అక్కడ మూడు రాళ్ళున్నాయి. నీ దగ్గర రెండే ఉన్నాయి. రెండు రాళ్ళ మీద కుండ ఎలా నిలబడుతుందయ్యా? రెండు రాళ్ళు ఏటికి కొట్టుకొచ్చినవి కావచ్చు. మూడోది చూపించు, పొయ్యి అని రాస్తాను."

ఇంజనీరు దొర గడియారం తీసి చూసుకున్నాడు. రేపు పొద్దునే ఆ నూతి అడుగున సున్నం కంకర పోసి మూసెయ్యాలి, వరసలో ఇంకా నూతులున్నాయి, ఒక్క పూట కూడా ఆపనన్నాడు. అంటే నాకున్నది ఆ మధ్యాహ్నం ఒక్కటే.

జాలరి దగ్గరికి పరిగెత్తాను. బావమరిది జ్వరంతో మూలుగుతూ చాప మీద ఉన్నాడు. అందుకని ఆ రోజు మునక లేదు.

"అడుగున ఇంకో రాయి ఉంటుంది. ఇంత లావుంటుంది. వెతికి తీసుకురావాలి, ఇప్పుడే" అన్నాను.

"తాడు పట్టేవాడు లేడండి బాబు" అన్నాడతను.

"నేను పట్టుకుంటానులే."

మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు. అతను నవ్వేశాడు. "మీరు తాడు పడితే మాకు బావమరిదైపోతారండి. పండక్కి మీ సెల్లెలికి కోక పెట్టాలి మరి. ఆయ్!"

ఆమె నవ్వలేదు. తాడు కొస తెచ్చి నా కుడి మణికట్టుకి తనే రెండు చుట్లు చుట్టింది. "అయితే మీరు నాకు అన్నయ్యండి. గుర్తెట్టుకోండి" అంది.

రెండుసార్లు మునిగి వట్టి చేతులతో తేలాడు. "రాయేం తగల్లేదండి. చట్రం కింద కూడా చూడమంటారా?" అన్నాడు. చట్రం కింద చెయ్యి పెట్టడం ప్రమాదమని నాకు తెలుసు. నుయ్యి ఏ క్షణాన దిగుతుందో చెప్పలేం. తెలిసీ, వెనక నిలబడ్డ దొరల వైపు ఒకసారి చూసి, "చూడు" అన్నాను.

అతను మూడోసారి మునిగాడు. సరిగ్గా అప్పుడే రాళ్ళదొర నా పక్కకొచ్చి మాట్లాడటం మొదలెట్టాడు. ఆయన చెప్పింది నాకర్థమైనంత వరకు రాస్తాను.

ఎన్నో వేల ఏళ్ళ కిందట లోకమంతా చల్లగా ఉండేదట. నీళ్ళన్నీ ఉత్తరాన కొండల మీద మంచుగడ్డలై కూర్చుంటే సముద్రం తగ్గిపోయిందట. అప్పుడు ఒడ్డు ఎక్కడో చాలా దూరాన, ఇప్పుడు ఓడలు తిరిగే చోట ఉండేదట. తర్వాత లోకం వేడెక్కింది, మంచు కరిగింది, సముద్రం లేచింది. ఒక్క రోజులో ఉప్పెనలా కాదు. ముసలివాళ్ళు "మా చిన్నప్పుడు ఒడ్డు అక్కడుండేది" అని చెప్పుకునేంత నెమ్మదిగా. మనుషులు కొంపా గోడూ ఎత్తుకుని వెనక్కి, వెనక్కి, ఎగువకి జరుగుతూ పోయారు. సముద్రం ఆగాక గోదారి తన మట్టి తెచ్చి పోసి ఈ లంకలూ పొలాలూ చేసింది. "ఇది నా ఊహ సుమా. మా వాళ్ళలో ఒప్పుకోనివాళ్ళే ఎక్కువ" అన్నాడు.

నేను నోరు వెళ్ళబెట్టుకుని విన్నాను. మా తాతముత్తాతలు దున్నిన నేల, శాశ్వతం అనుకున్న నేల, నిన్నగాక మొన్న గోదారి తెచ్చి పడేసిన మట్టా! "అయితే దొరగారూ, ఈ పొయ్యి పెట్టుకున్నవాళ్ళు సముద్రం వస్తుంటే లేచిపోయినవాళ్ళేనా? ఎటు పోయారంటారు? కొండల వైపా?" అని ప్రశ్న మీద ప్రశ్న వేశాను. ఆయన ఆ రెండు రాళ్ళూ నా చేతుల్లో పెట్టి, మసి ఎటు పడిందో చూపించబోయాడు. రెండు చేతులూ కావాల్సొచ్చాయి. మణికట్టు చుట్లు విప్పి, తాడు నేల మీద వేసి చెప్పు కింద తొక్కిపెట్టాను.

మళ్ళీ చదవండి, నాకు రాయడానికే చెయ్యి రావడం లేదు. మనిషి ప్రాణం ఉన్న తాడుని నా కిర్రుచెప్పు కింద తొక్కిపెట్టాను. మందపాటి తోలు. కింద అతను మూడుసార్లు గుంజాడట. మళ్ళీ మూడుసార్లు గుంజాడట. నాకు చీమ పాకినట్టు కూడా తెలియలేదు. వేల ఏళ్ళ నాటి వాళ్ళు నీళ్ళ నుంచి ఎలా తప్పించుకున్నారని అడుగుతున్నాను నేను.

"నా ఊపిరి అయిపోయింది!"

ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆమె గట్టు మీద లేచి నిలబడి రొప్పుతోంది. "నా ఊపిరి అయిపోయింది బాబూ! లాగండి! లాగండి!" అంటూ వచ్చి నన్ను ఒక్క తోపు తోసి నా చెప్పు కింద తాడు లాక్కుంది. తాడు రాలేదు. మేస్త్రీ, నలుగురు కూలీలు, చివరికి దొరలిద్దరూ కూడా పట్టారు. నేను కూడా పట్టబోతే ఆమె మోచేత్తో నెట్టేసింది.

ఒక్కసారిగా తాడు వదులై అతను తేలాడు. నుయ్యి జానెడు దిగి చట్రం కింద మట్టి అతని చేతి మీద కూరుకుపోయిందట. ముక్కులోంచీ రెండు చెవుల్లోంచీ రక్తం. ఊపిరి లేదు. కుండ బోర్లించి దాని మీద బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కుతుంటే నీళ్ళు కక్కాడు. ఎంతసేపటికో చిన్న మూలుగు వినపడింది. ఆమె అతని పిడికిలి విప్పి చూసింది. ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు.

మనిషి బతికాడు. చెవులు పోయాయి, రెండూనూ. మళ్ళీ మునిగితే చచ్చిపోతాడని డాక్టరుగారు చెప్పారు. జ్వరంలోంచి లేచిన బావమరిది బావ దగ్గర కూర్చుని తన అరచేతులు చూసుకుంటూ ఏడ్చాడు.

మర్నాడు పొద్దునే అనుకున్న వేళకి నూతిలో కంకర పోశారు. రాళ్ళదొర రెండు రాళ్ళూ పెట్టెలో పెట్టుకుని, పాపం అని ఒక కంబళి ఇచ్చి, పడవెక్కి వెళ్ళిపోయాడు. ప్రమాదం మీద రిపోర్టు రాయాల్సిందీ నేనే. "మునిగే పనివాడు ఉండవలసిన దానికన్న ఎక్కువసేపు నీటిలో ఉండెను" అని రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, నా చెప్పు సంగతీ లేదు. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్లు పడతాయని ఎదురుచూసినవాడికి శభాష్ అన్న కాగితం వస్తే ఎలా ఉంటుందో నన్నడగండి. లాకు గడువులో పూర్తి చేసినందుకు మెప్పు లేఖ! సిగ్గుతో చచ్చిపోయాను.

ఏడాది ఓపిక పట్టాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నా కాలు మాత్రం ఎంత కడిగినా శుభ్రం కాలేదు. చివరికి ఒక కోక కొనుక్కుని నరసాపురం పడవెక్కాను. అక్కణ్ణించి ఇసకలో నడిచి వాళ్ళ ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. అతను పాక నీడలో కూర్చుని వల అల్లుతున్నాడు. నన్ను చూసి లేచి దణ్ణం పెట్టాడు. నాకు భూమిలోకి కుంగిపోదామనిపించింది.

ఆమె పొయ్యి మీద చేపల పులుసు కాస్తోంది. కోక అందుకుని పక్కన పెట్టి, "కూచోండన్నయ్యా" అంది. ఆ పిలుపు తిట్టుకన్నా గట్టిగా తగిలింది. ఇక ఆగలేక మొత్తం చెప్పేశాను. దాచిన రాళ్ళు, మసి, రాళ్ళదొర చెప్పిన సముద్రం కథ, ఆయన అడిగిన మూడో రాయి, చెప్పు కింద తాడు.

చెప్పు సంగతి ఆమెకి ముందే తెలుసు కదా, తోసింది తనే. ఆమె గరిటె ఆగిపోయింది మూడో రాయి దగ్గర.

"పొయ్యా? కింద ఉన్నది పొయ్యాండి?"

"ఆఁ."

"సముద్రం వత్తే లేచిపోయినోళ్ళ పొయ్యా?"

"ఆ దొర అలాగే అన్నాడు."

"మరి మూడో రాయి ఎందుకుంటదండి?"

నాకు అర్థం కాలేదు. ఆమె తన పొయ్యి చూపించింది. రెండు రాళ్ళు ఒక్క రంగు. మూడోది వేరు, నల్లగా నున్నగా అరిగిపోయి ఉంది.

"ఊరు నీళ్ళలో పోయేప్పుడు ఇంటి పెద్దావిడ ఒక రాయి పెకలించి ఒళ్ళో పెట్టుకుంటదండి. రెండు అక్కడే వదిలేత్తాం. కొత్త చోట ఇంకో రెండు ఏరుకుని దీంతో కలిపి పొయ్యి పెడతాం. అప్పుడు ఇల్లు మారినట్టు కాదండి, అదే ఇల్లు. ఇది మా అత్తగారి అత్తగారిదండి. మూడు ఊళ్ళు తిరిగింది. ఆ మూడు ఊళ్ళూ అదిగో, ఆ నీళ్ళలోనే ఉన్నాయి."

నా నోట మాట రాలేదు. నోరెక్కువ అన్నాను చూడండి, ఆ నోరే.

ఆమె మొగుడి భుజం తట్టి, పొయ్యి చూపించి, మూడు వేళ్ళు చూపించి, ఒకటి ముడిచి ఒడిలో పెట్టుకున్నట్టు చేసింది. అతను నావైపు చూశాడు. చెవిటివాడు కదా, గట్టిగా అరిచినట్టు మాట్లాడాడు.

"అక్కడ గుంట ఉందండి బాబూ! రాయి కూకున్నంత గుంట! చట్రం కింద నా చేతికి తగిలిందండి! రాయి అందులోనే ఎక్కడో ఉంటాదని చెయ్యి పెట్టి దేవుతూనే ఉన్నానండి!"

లేని రాయి కోసం దేవుతూ ఉన్నాడు. ఆ గుంటలోనే అతని చెయ్యి ఇరుక్కుంది. రాయి లేకపోవడమే రుజువని నాకూ తెలియదు, రాళ్ళదొరకీ తెలియదు. గట్టు మీద ఊపిరి బిగబట్టి కూర్చున్న మనిషికి తెలుసు.

ఆమె పొయ్యిలోకి ఒక పుల్ల తోసి నావైపు తిరిగింది. తర్వాత నెమ్మదిగా అంది. "నన్నొక్క మాట అడగొచ్చు కదన్నయ్యా?"

అంతే. అన్నం పెట్టింది.

రాళ్ళదొరకి ఈ సంగతంతా రాశాను. వేల ఏళ్ళ నాటి ఆవిడకీ ఈవిడకీ చుట్టరికం ఉందని నేను వాదించలేదు, ఇలాంటి ఆచారం ఒకటుందని మాత్రం రాశాను. రెండు నెలలకి జవాబొచ్చింది. పల్లెటూరి ఆడవాళ్ళ కబుర్లు శాస్త్రానికి పనికిరావనీ, రాళ్ళు రెండూ ఏటిరాళ్ళ పెట్టెలో భద్రంగా ఉన్నాయనీ. నాకు ఒళ్ళు మండింది. కాని ఏ మొహం పెట్టుకుని కోప్పడను? ఆ రోజు గట్టు మీద నేను మాత్రం ఆయన కన్నా ఏం పొడిచాను?

తర్వాత వాళ్ళ దగ్గరికి ఏటా వెళ్ళేవాణ్ణి. చాలా ఏళ్ళకి ఆ ఊరి ఒడ్డు కూడా కోత మొదలెట్టింది. కబురు తెలిసి వెళ్ళేసరికి అలలు వాళ్ళ పాక గుంజల దాకా వచ్చేశాయి. అందరూ తట్టా బుట్టా సర్దుకుని ఎగువ మెరకకి బయల్దేరుతున్నారు. బావమరిది వలలు ఎత్తుకుని ముందు నడిచాడు. ఆమె తలంతా నెరిసిపోయింది. పొయ్యి దగ్గర కూర్చుని నల్లరాయి పెకలించి ఒళ్ళో పెట్టుకుంది. నేను కళ్ళారా చూశాను. రెండు రాళ్ళు మిగిలాయి. వాటికి ఒక పక్కే మసి ఉంది. మధ్యలో గుంట. సరిగ్గా ఇదే, ఇదే ఆ నూతి అడుగున ఉన్నది.

దారిలో ఒక ఉప్పుటేరు దాటాలి. నడుము లోతు నీళ్ళు, లాగుతున్నాయి. అతనికి అలికిడి వినపడదు, చూపు కూడా తగ్గింది. ఆమె అతన్ని రెండు చేతులా పట్టుకుంటేగాని దాటించలేదు. గట్టున ఆగి, ఒళ్ళోని రాయి వైపు చూసి, చుట్టూ చూసి, నా దగ్గరికి వచ్చింది.

"ఇది పట్టుకో అన్నయ్యా. రెండు చేతులతో పట్టుకో." నా చెప్పుల వైపు చూసింది. "మాట్లాడకుండా పట్టుకో."

చెప్పులు విప్పి గట్టున వదిలేశాను. ఆ రాయి ఇంకా వెచ్చగా ఉంది. అవతలి ఒడ్డు చేరి ఆమె మళ్ళీ చేతులు చాచేదాకా నేను నోరు విప్పలేదు.